బస్తీ ఇళ్ల కేసులు చూసే లాయర్ కార్పొరేటర్‌గా నిలబడాలంటే: ముందు రిజిస్టర్, తర్వాతే నామినేషన్

బస్తీ కేసులు చూసే జూనియర్లు ఈ మధ్య ఒకటే మాట అడుగుతున్నారు, "సార్, స్టేలు తెచ్చి తెచ్చి అలసిపోయాం, ఈసారి వార్డులో నిలబడదామా" అని. నిలబడండి. మనస్ఫూర్తిగా చెప్తున్నా, నిలబడాల్సింది మీలాంటోళ్లే. కానీ ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు, పార్టీ వాళ్లని అడిగితే చేతిలో ఎంతుంది అంటారు, కోర్టులో సీనియర్లని అడిగితే ప్రాక్టీస్ పాడైపోతుంది వద్దంటారు, అందుకే 2020 జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ మా తోటి అడ్వకేట్ ఒక అక్క కోసం గల్లీ గల్లీ తిరిగి నేను నేర్చుకున్నదంతా ఒక్కచోట రాస్తున్నా. అక్క ఓడిపోయింది, డిపాజిట్ కూడా దక్కలేదు. ఎందుకు దక్కలేదో కింద వివరంగా చెప్తా, మీకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

అసలు కోర్టు ఉండగా కౌన్సిల్ ఎందుకు అని అనుమానం ఉన్నవాళ్లు ఓల్గా టెల్లిస్ తీర్పు చివరిదాకా చదవండి. మనందరం పిటిషన్లలో దాన్ని రాస్తాం, 1981లో బొంబాయిలో వానల్లో ఫుట్‌పాత్ గుడిసెలు పీకేస్తే కోర్టుకెళ్లారు, 1985 జులైలో సుప్రీంకోర్టు బతుకుదెరువు కూడా ఆర్టికల్ 21లో, అంటే జీవించే హక్కులో, భాగమే అంది, నలభై ఏళ్లుగా ఆ ఒక్క మాట పట్టుకునే వాదిస్తున్నాం. చివర ఏముందంటే, ఆ ఏడు అక్టోబర్ 31 దాకా ఆగండి, తర్వాత తీసేయొచ్చు అని. మరి వేరే జాగా ఎవరికి? 1976 సెన్సస్‌లో గుర్తింపు కార్డు వచ్చినవాళ్లకి. అంటే సూత్రం అందరిదీ, జాగా మాత్రం కార్డు ఉన్నోళ్లది. లెక్కలోకి ఎక్కినోడు మిగిలాడు, ఎక్కనోడు రోడ్డు మీదికి పోయాడు. ఆ లెక్క ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి, ఏ తేదీని కటాఫ్ పెట్టాలి అనేవి జడ్జిగారు తేల్చేవి కావు, సర్కారులో, కౌన్సిల్‌లో తేలిపోయాకే మన దగ్గరికొస్తాయి. మనం ఎప్పుడూ ఆఖర్లో పోయి లంచ్ మోషన్, అంటే ఆ రోజే వినమని అర్జెంట్ పిటిషన్, వేస్తుంటాం.

అందుకే మొదటి పని పార్టీ ఆఫీసు దగ్గర మొదలుపెట్టకండి. ఒక లాంగ్ సైజ్ రిజిస్టర్ కొనండి, గట్టి అట్టది, రెండు వందల పేజీలది.

రిజిస్టర్ ఎలా రాయాలి

ఇంటికో పేజీ ఇవ్వండి, పిసినారితనం వద్దు. ఇంటి నంబర్ ఉంటే నంబర్, లేకపోతే "మసీదు ఎదురు గల్లీ, వేపచెట్టు నుంచి మూడోది" అని రాసినా సరే. ఇంటి ఆడమనిషి పేరు ముందు రాయండి, ఎందుకంటే మొగుడు పనికి పోతాడు, పోకపోతే అసలు ఇంట్లోనే ఉండడు, నోటీసు చేతికి తీసుకునేది ఆమే. ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, అప్పటి నుంచి ఉన్నట్టు చూపించే అన్నిటికంటే పాత కాగితం ఏది, కరెంట్ మీటర్ సర్వీస్ నంబర్, నల్లా ఉంటే క్యాన్ నంబర్ (నల్లా కనెక్షన్ నంబర్), ఇంటి పన్ను కడుతుంటే పీటీఐఎన్ (పన్ను నంబర్), రేషన్ కార్డు, ఓటర్ కార్డు, ఓటు ఏ పోలింగ్ బూత్‌లో ఉంది, సర్కారు జాగాలో ఇళ్లకి పట్టా ఇచ్చే జీవో 58 కింద రెగ్యులరైజేషన్‌కి ఎప్పుడైనా పెట్టుకున్నారా, పెట్టుకుంటే రసీదు ఉందా, నోటీసు ఏదన్నా వచ్చిందా, వస్తే ఏ తేదీ, ఏ చట్టం, ఏ సెక్షన్, కింద సంతకం ఎవరిది. సెక్షన్ తప్పకుండా రాయండి. ల్యాండ్ ఎన్‌క్రోచ్‌మెంట్ చట్టం 1905 కింద సెక్షన్ 7 నోటీసు అయితే తహసీల్దార్ దగ్గర జవాబు, జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 452 అయితే టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర, రెండూ కలిపేసి జవాబిచ్చి గడువు పోగొట్టుకున్నోళ్లని చాలామందిని చూశా.

అద్దెకుండేవాళ్లని వదలొద్దు. మన బస్తీల్లో ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు కిరాయిదార్లు ఉంటారు, ఇల్లు పోతే ఓనర్‌కి ఏదో ఒక ఆశ ఉంటుంది, వీళ్లకి అదీ ఉండదు, పైగా ఓనరే వాళ్ల పేరు రాయనియ్యడు. వాళ్లకి వేరే పేజీ పెట్టండి, ఓనర్ లేనప్పుడు వెళ్లి రాయండి.

పాత కాగితం అన్నాను కదా, అది అడిగితే వెంటనే బయటికి రాదు. ఒక బస్తీలో ఒక పెద్దమ్మ, డెబ్బై ఉంటాయి, మొదటి రెండుసార్లు "నా దగ్గర ఏం లేవు బిడ్డా" అంది. మూడోసారి ఛాయ్ ఇచ్చాక మంచం కింద నుంచి రేకు పెట్టె లాగింది, పైన పెళ్లి చీర, దాని కింద యూరియా బస్తా లోపలుండే ప్లాస్టిక్ కవర్, దానికి నాలుగు చుట్లు దారం, అది విప్పితే కాగితాలు. ఆమెకి చదువు రాదు, కానీ ఏ కాగితం ఏ ఆఫీసుదో దాని మడతలు చూసి చెప్పింది, "గిది కరెంటోళ్లది, గిది రేషనుది, గిది మా ఆయన పోయినప్పుడు దవాఖానోళ్లు ఇచ్చింది" అని. ఆ మూడోదాని మీద అడ్రస్ రాసి ఉంది, ముప్పై ఏళ్ల కింది తేదీతో. మాకు ఆ గల్లీలో దొరికిన అన్నిటికన్నా పాత సాక్ష్యం అదే. కాబట్టి దవాఖాన చీటీలు, బడి టీసీలు, పెళ్లి పత్రికలు, ఏవీ పారేయనియ్యకండి. ఇంకోటి, ఇప్పుడొచ్చే కరెంట్ స్పాట్ బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్ల కాగితాలైపోతాయి, అచ్చు మొత్తం ఎగిరిపోతుంది, అందుకని వచ్చిన నెలలోనే ఫొటో తీసి జిరాక్స్ పెట్టమనండి. ఆ ఫొటోలు, ఆధార్ కాపీలు మాత్రం వాట్సాప్ గ్రూపులో వేయొద్దు, వేరే ఎవడి చేతికో పోతే మీరు జవాబు చెప్పుకోలేరు.

సర్కారు దగ్గరున్న లెక్క కూడా తెచ్చుకోండి. ఆర్టీఐ కింద పది రూపాయల ఫీజు, తెల్ల రేషన్ కార్డున్నోళ్లతో పెట్టిస్తే అది కూడా లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. అడిగేటప్పుడు "మా బస్తీ వివరాలు ఇవ్వండి" అని అడిగితే ఏమీ రాదు, బస్తీ నోటిఫైడ్ స్లమ్ లిస్టులో ఉందా, ఉంటే ఏ జీవో ఏ తేదీ, సర్వే నంబర్ ఏది, రికార్డులో ఆ జాగా ఏమని ఉంది, చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లొచ్చే గీత) ఫైనల్ నోటిఫికేషన్ అయ్యిందా ప్రిలిమినరీలోనే ఉందా, మ్యాప్ సర్టిఫైడ్ కాపీ, ఇలా ఒక్కో కాగితం పేరు పెట్టి అడగండి. ఎఫ్‌టీఎల్ ఎక్కడ ముగుస్తుందో దాన్ని బట్టే బఫర్, అంటే చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, పది హెక్టార్లు ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు, ఆ గీత నాలుగడుగులు అటూ ఇటూ అయితే ఇరవై ఇళ్లు లోపలికో బయటికో పోతాయి.

2024 తీర్పుని నమ్ముకునే ముందు

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పు మనకి పెద్ద బలం, కాదనను. నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగాలి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికి అతికించాలి, మనిషిని పిలిచి వినాలి, కారణాలతో ఆర్డర్ రాయాలి, ఆర్డర్ తర్వాత ఇంకో 15 రోజులు టైమివ్వాలి, కూల్చేటప్పుడు వీడియో తీయాలి, ఇవి తప్పితే ఆఫీసరే సొంతంగా బాధ్యుడు అని స్పష్టంగా ఉంది. బస్తీ మీటింగుల్లో దీన్ని చదివి వినిపిస్తే జనం చప్పట్లు కొడతారు.

కానీ అదే తీర్పులో, రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైన్ పక్కన, నది, చెరువు లాంటి చోట్ల అనుమతి లేకుండా కట్టినవాటికి ఈ గైడ్‌లైన్స్ వర్తించవు అని కూడా ఉంది. మన బస్తీలు ఎక్కడున్నాయి మరి? నాలా పక్కన, పట్టాల పక్కన, మూసీ ఒడ్డున. అంటే ఎవరికి బాగా అవసరమో వాళ్లే బయట మిగిలారు. ఇది దాచిపెట్టి స్టేజీ మీద "మీ ఇల్లు ఎవడూ ముట్టుకోలేడు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. 2024 సెప్టెంబర్‌లో మూసీ వెంట సర్వే చేసినప్పుడు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్బీ-ఎక్స్ (రివర్ బెడ్, అంటే నది లోపలి ఇల్లని గుర్తు) అని రాశారు గుర్తుందా, చాదర్‌ఘాట్ పక్క మూసానగర్, శంకర్‌నగర్‌లో జనం దాన్ని చూసి రాత్రులు నిద్రపోలేదు, సర్కారు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఇస్తామన్నారు, కొందరు వెళ్లారు, కొందరు వెళ్లనన్నారు. ఒకామె నన్ను అడిగింది, "సార్ గీ గుర్తు సున్నం కొడితే పోతదా" అని. ఆమెకి చట్టం చెప్పడం కాదు అప్పుడు చేయాల్సింది, ఆ గుర్తుతో ఇల్లు, ఆమె, తేదీ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి రిజిస్టర్‌లో ఎక్కించడం, డబుల్ బెడ్‌రూమ్ ఎక్కడిస్తారు, పిల్లల బడి ఎంత దూరం, పనికెళ్లే చోటు ఎంత దూరం అని అడిగి రాయడం. హైకోర్టులో పునరావాసం గురించి అడిగినప్పుడు ఆ వాక్యాలే పనికొస్తాయి, రేపు కౌన్సిల్లో ప్రశ్న వేయాలన్నా అవే.

ఇల్లు అంటే బస్తీ ఒక్కటే కాదు

మా అక్క ఎందుకు ఓడిపోయిందో ఇక్కడ చెప్పాలి. ఆమె చేతిలో ఆ వార్డులో ఆరువందల కుటుంబాల కేసులున్నాయి, ఆరువందల ఇళ్లంటే రెండు వేల ఓట్లు, వాళ్ల చుట్టాలు, పక్కోళ్లు కలిపితే ఇంకో రెండు వేలు అని లెక్కేసుకున్నాం. 2020లో జీహెచ్ఎంసీ మొత్తం ఓటర్లు 74 లక్షల పైన, వార్డులు 150, అంటే వార్డుకి సగటున 50 వేల దగ్గర. పోలింగ్ 46 శాతం చిల్లర. అంటే పడేది 23 వేలు, అందులో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, గెలవాలంటే కనీసం తొమ్మిది పది వేలు కావాలి. మేం ఈ లెక్క నామినేషన్ వేశాక వేశాం. ముందు వేయాలి.

రెండోది ఇంకా బాధ కలిగించింది. పోలింగ్ రోజు మా రిజిస్టర్‌లో ఉన్న మనుషులే బూత్ దగ్గరికొచ్చి లిస్టులో పేరు లేదని వెనక్కి పోయారు. కొందరి ఓట్లు పాత అడ్రస్‌లో, కొందరివి రోడ్డు అవతల పక్క వార్డులో, కొందరివి తీసేసి ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేయించి ఊరి చివర డబుల్ బెడ్‌రూమ్‌కి పంపితే ఓటు కూడా అక్కడికే పోతుంది, కొల్లూరులో 15,660 ఇళ్ల కాలనీ ఉంది కదా, సిటీ బస్తీల నుంచి అక్కడికి పోయినోళ్లంతా సంగారెడ్డి జిల్లా మనుషులైపోయారు. ఇల్లు ఖాళీ చేయించడమంటే వార్డులో ఓటర్లని ఖాళీ చేయించడం కూడా, ఇది మనం కోర్టులో ఎప్పుడూ వాదించం. కాబట్టి ఏడాది ముందే రిజిస్టర్ పట్టుకొని ఓటర్ లిస్టుతో ఇంటింటికీ టిక్కు పెట్టండి, కొత్త ఓటుకి ఫారం 6, అడ్రస్ మార్పుకి, తప్పుల దిద్దుబాటుకి ఫారం 8. మున్సిపల్ ఎన్నికకి అసెంబ్లీ లిస్టునే వార్డుల వారీగా విడదీస్తారు, అందుకని ఆ లిస్టులో లేకపోతే ఇక్కడా ఉండరు. చుట్టుపక్కల మున్సిపాలిటీలు కలిపినప్పుడల్లా వార్డుల గీతలు మళ్లీ గీస్తారు, డ్రాఫ్ట్ రాగానే అభ్యంతరాలకి ఇచ్చే ఆ కొద్దిరోజుల్లోనే మీ బస్తీని రెండు ముక్కలు చేశారేమో చూసి రాతపూర్వకంగా అబ్జెక్షన్ వేయండి.

మూడోది, అపార్ట్‌మెంట్లు. అక్కడ తలుపు తట్టితే "మీరు ఆక్రమణల వాళ్ల లాయర్ కదా" అన్నారు. మా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడుంది. 2020 అక్టోబర్‌లో వరదొచ్చినప్పుడు నాలా పక్క గుడిసె, దాని వెనక అపార్ట్‌మెంట్ సెల్లార్ రెండూ ఒకే రాత్రి మునిగాయి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తీసేసే సర్కారు ఏజెన్సీ) వచ్చాక చూశాం, అమీన్‌పూర్ లాంటి చోట్ల రిజిస్ట్రేషన్ అయిన ఇళ్లు కూడా కూలాయి, ఆదివారం పూట ఎలా కూల్చారని హైకోర్టు ఆఫీసర్లని నిలదీసింది. స్టాంప్ డ్యూటీ తీసుకున్నప్పుడు ఒక డిపార్ట్‌మెంట్, పర్మిషన్ ఇచ్చినప్పుడు ఇంకో డిపార్ట్‌మెంట్, లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు, ఎవరికీ చెరువు కనపడలేదు, ఈఎంఐ కట్టేవాడికే కనపడాలంట. నోటీసు, వినడం, ముందే అందరికీ కనపడే మ్యాప్, ఈ మూడూ గుడిసెకీ కావాలి, ఫ్లాటుకీ కావాలి. చెరువులు మిగలాలి అని కూడా గట్టిగానే చెప్పండి, నేనూ అదే నమ్ముతా, చెరువు పూడిస్తే మొదట మునిగేది బస్తీనే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి ఈ మాట పట్టుకొని వెళ్తే కుర్చీ వేస్తారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయన చేసిన పద్ధతి

డీన్ ప్రెస్టన్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో కిరాయిదార్ల లాయర్. ఇళ్లు ఖాళీ చేయించే కేసుల్లో పేదల తరఫున వాదించి, 2008లో టెనెంట్స్ టుగెదర్ అని కాలిఫోర్నియా మొత్తానికి కిరాయిదార్ల సంస్థ పెట్టాడు. 2016లో సిటీ బోర్డ్‌కి, అంటే మన కౌన్సిల్ లాంటిదానికి, ఐదో డిస్ట్రిక్ట్ నుంచి నిలబడి లండన్ బ్రీడ్ చేతిలో ఓడిపోయాడు. ఓడిపోయాక ఏం చేశాడన్నది నాకు నచ్చింది. ఇల్లు ఖాళీ చేయించే కేసు పడ్డ ప్రతి కిరాయిదారుకీ సిటీ ఖర్చుతో లాయర్ ఉండాలి అని ఒక ప్రతిపాదన రాసి దాన్నే జనం ఓటుకి తీసుకెళ్లాడు, అక్కడ అలాంటి వీలుంది, 2018 జూన్‌లో ప్రపోజిషన్ ఎఫ్ పేరుతో గెలిచింది. అంటే ఆయన సీటులో కూర్చోకముందే ఆయన రాసిన పని చట్టమైంది. తర్వాత ఏడాది నవంబర్‌లో చాలా తక్కువ తేడాతో సీటు కూడా గెలిచాడు, 2020లో మళ్లీ గెలిచాడు, 2024లో బిలాల్ మహమూద్ చేతిలో ఓడిపోయాడు. కొత్త ఇళ్లు కట్టనియ్యకుండా అడ్డుపడుతున్నాడని ఆయన మీద విమర్శలు బాగా వచ్చాయి, ఆయన వర్గం ఒప్పుకోలేదు గానీ ఎన్నికలో ఆ గొడవ పెద్దదే. మనకి పాఠం ఏంటంటే ఖాళీ చేయించొద్దు అని చెప్పేవాడు ఎక్కడ కట్టాలో కూడా చెప్పాలి, మీ వార్డులో ఖాళీ సర్కారు జాగాలు ఏవి, ఎన్ని గజాలు, అక్కడే జీ ప్లస్ త్రీ కట్టి బస్తీ వాళ్లని అక్కడే ఉంచొచ్చా అన్నది రిజిస్టర్ ఆఖరి పేజీల్లో ఉండాలి.

మనకి జనం ఓటుకి పెట్టే వీలు లేదు. కానీ ఎన్నిక ముందే ఒక పని చేసి చూపించడం మనకీ కుదురుతుంది. ఒక గల్లీకి నల్లా, ఒక బస్తీకి నోటిఫికేషన్, ఒక బడికి గోడ. ఏదో ఒకటి, కాగితం మీద కనపడేది.

పార్టీయా ఇండిపెండెంటా

జీహెచ్ఎంసీలో 2016లో టీఆర్‌ఎస్ 99, మజ్లిస్ 44, బీజేపీ 4, కాంగ్రెస్ 2, టీడీపీ 1. 2020లో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. కూడి చూడండి, రెండుసార్లూ 150 అక్కడికక్కడే సరిపోయింది, ఇండిపెండెంట్ ఒక్కరు కూడా లేరు. నేను పార్టీలో చేరమని చెప్పట్లేదు, కానీ ఇండిపెండెంట్‌గా వెళ్తే ఇది గెలుపు కోసం కాదు వచ్చే ఎన్నికకి పునాది అని మీ వాళ్లకి ముందే చెప్పండి, అబద్ధపు ఆశ పెట్టి బస్తీ వాళ్లతో చందాలు వేయించొద్దు. పార్టీలో చేరితే, టికెట్ మాట్లాడేటప్పుడే రెండు విషయాలు తేల్చుకోండి, మా బస్తీ కూల్చే నిర్ణయం మీ పార్టీదే అయితే నేను ఏం మాట్లాడొచ్చు, పాత కేసులు కొనసాగుతాయా లేదా. నోటి మాట కాకుండా నలుగురి ముందు తేల్చుకోండి. ఆ మాట అడగడానికి మొహమాటపడితే తర్వాత బస్తీలోకి తలెత్తుకొని రాలేరు.

సగం సీట్లు ఆడవాళ్లకి రిజర్వ్ కాబట్టి ఇంకో మాట, మీ బస్తీ కమిటీలో గట్టిగా మాట్లాడే అక్క ఉంటే లాయరే నిలబడాలని ఏం లేదు. ఆమె నిలబడి మీరు ఫైళ్లు చూడండి. చాలాచోట్ల అదే మంచిది.

లాయర్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

ఇది అందరూ మర్చిపోయే చోటు. కార్పొరేషన్ తరఫున జీతానికి పనిచేసే లాయర్, కార్పొరేషన్ మీద కేసులు ఒప్పుకునే లాయర్, ఇద్దరూ అనర్హులు అని చెప్పే సెక్షన్ కొన్ని మున్సిపల్ చట్టాల్లో ఉంటుంది, చెన్నై చట్టంలో అలాగే ఉండేది. మీరు నిలబడే కార్పొరేషన్ చట్టంలో అనర్హతల సెక్షన్ సవరణలతో సహా మీరే కూర్చొని చదవండి, వేరేవాళ్లు చెప్పింది నమ్మకండి. అలాంటి క్లాజు ఉన్నా లేకపోయినా నా సలహా ఒకటే, నామినేషన్‌కి రెండు మూడు నెలల ముందే కార్పొరేషన్ మీదున్న కేసులన్నిటిలో క్లయింట్లతో కూర్చొని మాట్లాడి, నో అబ్జెక్షన్ రాసిచ్చి, నమ్మకమైన ఇంకో అడ్వకేట్ వకాలత్ వేసేలా చూడండి, ఆ వకాలత్ కోర్టు రికార్డులోకి ఎక్కిందని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకోండి. స్టే గడువు దగ్గరపడ్డ కేసుల్ని మొదట మార్చండి. మీ ఎన్నిక మధ్యలో ఒకరి స్టే వెకేట్ అయిపోతే ఆ ఇల్లు మీ వల్ల పోయినట్టే.

ఫ్లెక్సీల మీద "ఉచిత న్యాయ సహాయం, కాల్ చేయండి" అని వేయొద్దు, అడ్వకేట్లు ప్రకటనలు చేసుకోవడం బార్ కౌన్సిల్ రూల్ 36 ఒప్పుకోదు. ఓటేస్తే కేసు ఫ్రీ అని ఎవరైనా మీ తరఫున అన్నా అది ఇంకో పెద్ద తప్పు, ఓటుకి ఎర చూపించినట్టే. క్లయింట్ల ఫొటోలు, వాళ్ల కేసు కథలు పాంప్లెట్‌లో వేయాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, క్లయింట్ మీకు చెప్పుకున్నది మీ ఎన్నిక సరుకు కాదు. మా అక్క ఒక క్లయింట్ ఫొటో వేసింది, మంచి ఉద్దేశంతోనే, ఆ అమ్మాయి పని చేసే ఇంటివాళ్లు అది చూసి ఆమెని పనిలోంచి తీసేశారు.

నామినేషన్ సంగతులు త్వరగా చెప్పేస్తా. 21 ఏళ్లు నిండాలి, కార్పొరేషన్‌లో ఎక్కడైనా మీకు ఓటుంటే చాలు, ప్రపోజర్ మాత్రం నిలబడే వార్డు ఓటరే కావాలి. 2020లో డిపాజిట్ 5,000, ఎస్సీ ఎస్టీ బీసీలకి 2,500, ఖర్చు పరిమితి 5 లక్షలు, మీ ఎన్నిక నోటిఫికేషన్‌లో కొత్త అంకెలు చూసుకోండి. ఇద్దరు పిల్లల నిబంధన ఏపీలో 2024లో తీసేశారు, మీ చోట ఇప్పుడు ఎలా ఉందో చూడండి. ధర్నాలు చేసినోళ్లం కాబట్టి మనమీద ఎక్కడో ఒక ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, మనకే తెలియకుండా కూడా ఉంటుంది, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకండి, స్టేషన్లలో అడగండి, ఉన్నవన్నీ అఫిడవిట్‌లో రాయండి. కేసు ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, దాచిపెడితేనే పట్టుకుంటారు. ఏ ఖాళీ గడీ వదలొద్దు, వర్తించకపోతే వర్తించదు అని రాయాలి. స్క్రూటినీ రోజు మీరే వెళ్లండి.

గెలిస్తే మొదటి మూడు నెలలు

కార్పొరేటర్ చేతిలో కూల్చివేత ఆపే అధికారం ఉండదు, నోటీసులిచ్చేది కమిషనర్ యంత్రాంగం, బస్తీకి ఇది గెలిచిన రోజే చెప్పండి. మీ చేతిలో ఉన్నది ప్రశ్న, తీర్మానం, బడ్జెట్. జనరల్ బాడీలో ప్రశ్న రాతపూర్వకంగా ముందే ఇవ్వండి, జవాబు కూడా రాతపూర్వకంగా రప్పించండి, ఎందుకంటే "ఈ బస్తీకి నోటీసు ఇవ్వలేదు" అని కౌన్సిల్లో ఇచ్చిన జవాబు రేపు హైకోర్టులో ఎగ్జిబిట్ అవుతుంది, ఇది లాయర్ కార్పొరేటర్‌కి తప్ప వేరేవాళ్లకి తట్టదు. వార్డ్ కమిటీ కాగితం మీదే ఉంటే కూర్చోబెట్టండి, ఆర్టికల్ 243ఎస్‌లో ఉన్నదే అది. సర్వేకి వచ్చేముందు వార్డ్ ఆఫీసులో లిస్ట్ అతికించాలి అని మొదటి తీర్మానం పెట్టండి, పాస్ కాకపోయినా మినిట్స్‌లో ఎక్కుతుంది.

స్టాండింగ్ కమిటీలోకి వెళ్లే అవకాశం వస్తే వదలొద్దు. పనుల శాంక్షన్ అక్కడే తెలుస్తుంది, నాలా వెడల్పు పని ఏ గల్లీ మీంచి పోతుందో బుల్డోజర్ రాకముందు ఏడాది ముందే ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు చూసిన రోజే బస్తీలో కూర్చొని చెప్పాలి, ఎవరి ఇల్లు పోవచ్చు, ఎన్ని గజాలు, ఎక్కడికి పంపాలని అడుగుదాం అని. మా పెద్దమ్మ రేకు పెట్టెలో కాగితం అప్పుడు బయటికి తీయాలి, జేసీబీ ముందు కాదు.

ఓడినా గెలిచినా ఒక పని మిగిలి ఉంటుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎన్నికల ఖర్చు లెక్కలు వోచర్లతో సహా ఇచ్చేయాలి, ఇవ్వకపోతే మూడేళ్లు నిలబడనియ్యరు. ఓడినోళ్లు అలసిపోయి ఇదే మర్చిపోతారు. ఆటో కిరాయి, ఛాయ్, జిరాక్స్, మైక్, అన్నీ రోజువారీగా రాసుకొని ఉంటే ఒక పూట పని. ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి, స్టాంప్, తేదీ, సంతకం ఉన్నాయో చూసి రిజిస్టర్ వెనక అట్ట లోపల పిన్ కొట్టండి, మా అక్కది అక్కడే ఉంది.